కంపెనీ గేటు దాటే కోడు: ఓపెన్ సోర్స్ లైసెన్సులను పాటించడం ఎలా

శుక్రవారం సాయంత్రం అమెరికా క్లయింటు నుంచి ఒక మెయిలు వస్తుంది. మీరు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఏయే ఓపెన్ సోర్స్ భాగాలు (ఇతరులు రాసి, కొన్ని షరతులతో అందరికీ ఇచ్చిన కోడు) ఉన్నాయో, వాటి లైసెన్సులేమిటో సోమవారానికల్లా పంపమని అడుగుతారు. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌లలోని చిన్న, మధ్య తరహా కంపెనీల్లో చాలావాటికి ఈ విషయం గుర్తుకొచ్చేది ఆ మెయిలుతోనే. సొంత న్యాయ విభాగం ఉండదు. మేనేజరు ఒకసారి చుట్టూ చూసి, ఏ పనికీ కాదనని ఇంజనీరు ఒకరికి ఇది అప్పగిస్తారు. ఆ ఇంజనీరు మీరే అనుకుని రాస్తున్నాను.

ఓపెన్ సోర్స్ వాడినందుకు మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టరు. మీ కోడు గేటు దాటి వెళ్లేటప్పుడు దాని వెంట వెళ్లాల్సిన కాగితాలు (లైసెన్సు పాఠాలు, కొన్నిసార్లు సోర్స్ కోడు, అంటే మనుషులు చదివి మార్చగల అసలు కోడు) వెళ్లకపోతేనే తప్పు. కాబట్టి 'మనం ఏం వాడుతున్నాం' అని కాకుండా 'మనం ఎవరికి ఏం ఇస్తున్నాం' అని మొదలుపెట్టండి. ఈ వరస తిరగబడితే ఖరీదైన స్కానరు (కోడులో ఏయే భాగాలున్నాయో వెతికే ప్రోగ్రాము) కొని, అది కక్కిన వేల వరుసల నివేదిక ముందు కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతారు.

ఉచితంగా దొరికినదానికి చట్టం ఏమిటి అనే మాట పై అధికారుల నుంచి తప్పకుండా వస్తుంది. జవాబు సిద్ధంగా పెట్టుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము ఒక సాహిత్య రచన. రాసినవారి అనుమతి లేకుండా దాన్ని కాపీ చేయడానికి వీల్లేదు. లైసెన్సు అంటే ఆ అనుమతి పత్రం, అందులోని షరతులే దాని ధర. షరతు తప్పితే అనుమతి ఉండదు. అమెరికాలో 2008లో జేకబ్‌సెన్, కాట్జర్ మధ్య నడిచిన కేసులో అప్పీలు కోర్టు ఇదే చెప్పింది. ఆ గొడవ బొమ్మ రైళ్లను నడిపే ఉచిత ప్రోగ్రాము గురించి. డబ్బు చేతులు మారనంత మాత్రాన షరతులు ఉత్త మాటలు కావని కోర్టు తేల్చింది. మన చట్టంలోని 63బి సెక్షను మరింత కఠినం. అక్రమ కాపీ అని తెలిసీ ప్రోగ్రామును కంప్యూటరులో వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ పేరా చూపిస్తే సాధారణంగా మీకు కొంత సమయం, కొంత బడ్జెట్ దొరుకుతాయి.

మొదటి అడుగు: బయటకు వెళ్లేది ఏమిటో రాసుకోండి

తెల్ల కాగితం మీద 'ప్రాడక్టు' అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. దాన్ని విడదీయండి. మీది ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అనుకుందాం. సర్వరులో నడిచే భాగం మీ దగ్గరే ఉంటుంది. దాని వెబ్ పేజీల్లోని జావాస్క్రిప్ట్ మాత్రం వాడేవారి బ్రౌజరులోకి కాపీ అవుతుంది, అంటే బయటకు వెళ్లినట్టే. డాక్టర్ల కోసం చేసిన ఆండ్రాయిడ్ యాప్ కూడా బయటకు వెళ్తుంది. రోగుల వివరాలు తమ ఆవరణ దాటకూడదని పట్టుబట్టిన పెద్ద ఆసుపత్రి ఒకటి ఉంటుంది. దానికి మీరు ప్రోగ్రామును, అది నడవడానికి కావలసినవన్నీ కలిపి మూటకట్టిన కంటైనర్ ఇమేజ్‌లు పంపి ఉంటారు. అందరూ మరిచిపోయేది దీన్నే.

కంటైనర్ దగ్గర కాస్త ఆగాలి. మీరు పంపుతున్నది మీ ప్రోగ్రాము ఒక్కటే కాదు. దాని కింద ఉన్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టంను, డెబియన్ గానీ ఆల్పైన్ గానీ, మొత్తంగా పంపుతున్నారు. జీపీఎల్ అంటే, ప్రోగ్రామును గానీ దానితో కలిపి చేసినదాన్ని గానీ పంచితే సోర్స్ కూడా అదే షరతులతో ఇవ్వాలనే లైసెన్సు. ఆల్పైన్‌లో ఉండే బిజీబాక్స్ అనే కమాండ్ల మూట జీపీఎల్ రెండో వెర్షను కిందికి వస్తుంది. డెబియన్‌లో బ్యాష్ మొదలుకొని జీపీఎల్ ప్రోగ్రాములు ఎన్నో ఉంటాయి. మీ కోడులో ఒక్క జీపీఎల్ వరుస లేకపోయినా, ఆ ఇమేజ్‌ను కస్టమరుకు అందించిన క్షణం నుంచి మీరు జీపీఎల్ సాఫ్ట్‌వేర్ పంపిణీదారు. వీలైతే మీరు మీ ప్రోగ్రామును మాత్రమే ఇచ్చి, మూల ఇమేజ్‌ను కస్టమరే అసలు చోటు నుంచి దింపుకునేలా చూడండి. బరువు చాలావరకు తగ్గుతుంది.

'మాది సర్వీస్ కంపెనీ, మాకు ప్రాడక్టే లేదు' అనే మాట హైదరాబాదులో చాలా వినిపిస్తుంది. క్లయింటు కోసం రాసిన కోడును క్లయింటు చేతిలో పెట్టడం కూడా పంపిణీయే. ఫ్రాన్సులో ఆరంజ్ అనే పెద్ద టెలికాం కంపెనీ ప్రభుత్వ పోర్టల్ కాంట్రాక్టు కోసం 'లాసో' అనే జీపీఎల్ లైబ్రరీని (ఇతర ప్రోగ్రాముల్లో కలుపుకునే సిద్ధమైన కోడును) వాడింది. ఆ లైబ్రరీ రాసిన ఆంట్రూవెర్ అనే చిన్న సంస్థ కోర్టుకెక్కింది. ఏళ్ల తరబడి నడిచాక 2024 ఫిబ్రవరిలో పారిస్ అప్పీలు కోర్టు 5 లక్షల యూరోల నష్టపరిహారం, దాని మీద నైతిక నష్టానికి మరో 1.5 లక్షల యూరోలు చెల్లించమంది. ప్రభుత్వ టెండరు, గడువు, ఎక్కడో దొరికిన లైబ్రరీ: ఇలాంటి ప్రాజెక్టు మన నగరంలో చేయని కంపెనీ ఉందా?

విదేశీ మాతృసంస్థ కోసం ఇక్కడ పనిచేసే కేంద్రాలది ఇంకో రకం చిక్కు. ఒకే సంస్థ లోపల కోడు కదిలితే అది పంపిణీ కాదు. అనుబంధ సంస్థ వేరే కంపెనీగా నమోదై ఉంటే సంగతి ఏమిటి? జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనే అది ఆయా దేశాల కాపీరైట్ చట్టాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి తేలే విషయమని చెబుతుంది. నా సలహా అడిగితే, దాన్ని కూడా పంపిణీగానే లెక్కించి కాగితాలు జతచేయండి. అందుకయ్యే ఖర్చు స్వల్పం, వాదనకయ్యే ఖర్చు స్వల్పం కాదు.

ఇప్పుడు ప్రతి వస్తువు పక్కనా మూడు విషయాలు రాయండి: ఎవరికి వెళ్తోంది, ఏ రూపంలో వెళ్తోంది, అందులోని ఓపెన్ సోర్స్ భాగాలను మీరు మార్చారా. బయటకు వెళ్లకుండా మీ సర్వరులోనే నడిచేదాని పక్కన 'నెట్‌వర్కు' అని రాసి ఉంచండి. మామూలు జీపీఎల్ దాని జోలికి రాదు గానీ, అంతకన్నా కఠినమైన ఏజీపీఎల్ అనే లైసెన్సు వస్తుంది. ఆ సంగతి తర్వాత.

రెండో అడుగు: లోపల ఏముందో లెక్క తీయండి

ప్యాకేజీ జాబితా ఫైలు తెరిచి, అందులో ఉన్న పాతిక పేర్లు ఎక్సెల్‌లోకి దించి 'ఇదే జాబితా' అని పంపేవారున్నారు. పెళ్లికి ఒక ఇంటిని పిలిస్తే వారి వెనకాల ఎంతమంది చుట్టాలు వస్తారో మనకు తెలియనిది కాదు. ఎన్‌పీఎం, మావెన్, పిప్ వంటి సాధనాలతో దింపుకునే ప్యాకేజీలదీ అదే తీరు, ఒక్కోటి తనకు కావలసిన మరికొన్నిటిని వెంట తెస్తుంది. మీరు పిలిచినవి పాతిక, వచ్చి కూర్చున్నవి కొన్ని వందలు. లెక్క తీయాల్సింది లాక్ ఫైలు (నిజంగా దిగిన ప్రతి ప్యాకేజీ, దాని వెర్షను రాసి ఉండే ఫైలు) నుంచి, అంతకన్నా మేలుగా, తయారైన బిల్డ్ (కోడు నుంచి తయారైన తుది రూపం) నుంచి.

ఇందుకు డబ్బు పెట్టనక్కర్లేదు. సిఫ్ట్, ట్రివీ వంటి ఉచిత పరికరాలు కంటైనర్ ఇమేజ్‌ను చదివి భాగాల జాబితా ఇస్తాయి. ప్యాకేజీ మీద రాసి ఉన్న లైసెన్సును నమ్మకుండా ఫైళ్లలోకి వెళ్లి వెతకాలంటే స్కాన్‌కోడ్ ఉంది, ఫాసాలజీ ఉంది. ఈ రెండోది హెచ్‌పీ సంస్థలో పుట్టి ఇప్పుడు లినక్స్ ఫౌండేషన్ నీడలో ఉంది. మొదటి రెండూ నిమిషాల్లో పని ముగిస్తాయి, తర్వాతి రెండూ ఓపికను పరీక్షిస్తాయి. కస్టమరు చేతికి వెళ్లే వస్తువులకైనా ఆ ఓపిక పట్టండి. పైన 'ఎంఐటీ' అని రాసి ఉన్న ప్యాకేజీ లోపలి ఫోల్డరులో వేరే లైసెన్సు ఉన్న ఫైలు దొరకడం కొత్తేమీ కాదు.

జాబితాను ఎస్‌పీడీఎక్స్ గానీ సైక్లోన్‌డీఎక్స్ గానీ, ఏదో ఒక ప్రామాణిక రూపంలో దాచండి. ఎస్‌పీడీఎక్స్ 2021లో ఐఎస్‌ఓ ప్రమాణమైంది, సంఖ్య 5962. ఇలాంటి భాగాల జాబితానే ఎస్‌బామ్ (సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్) అంటున్నారు. క్లయింట్లే కాదు, మన నియంత్రణ సంస్థలూ అడుగుతున్నాయి. సెబీ 2024 ఆగస్టులో తెచ్చిన సైబర్ భద్రతా నిబంధనల్లో ఇది ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో దీని మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. బ్రోకరేజీ సంస్థలకు సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చేవారైతే ఈ పాటికే ఈ మాట వినే ఉంటారు. భద్రత కోసం ఎలాగూ చేయాల్సిన జాబితాతోనే లైసెన్సు పని సగం పూర్తవుతుంది. రెండు బృందాలు రెండు జాబితాలు చేసుకునే దుబారా మాత్రం వద్దు.

స్కానర్లకు కనిపించనివి కొన్ని ఉంటాయి. వాటిని మనుషులను అడిగి తెలుసుకోవాలి. జట్టులో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, 'ఈ ఫైలు ఎక్కడి నుంచి తెచ్చారు' అని నెమ్మదిగా, తప్పు పట్టే గొంతుతో కాకుండా అడగండి. అమీర్‌పేట కోచింగ్ కేంద్రాల్లో ప్రాజెక్టు అంటే అందరూ కోడు పెట్టుకునే సైటైన గిట్‌హబ్ నుంచి తెచ్చి పేరు మార్చడమే అని నేర్చుకుని వచ్చిన పిల్లలు అబద్ధం చెప్పాలనుకోరు, అది తప్పని వారికి ఎవరూ చెప్పలేదు అంతే. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి అతికించిన కోడు క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ కింద ఉంటుంది. పేరు చెప్పాలి, అదే షరతుతో పంచాలి. పెద్ద ముక్క అయితే మళ్లీ సొంతంగా రాయించండి. కృత్రిమ మేధ సహాయకులు రాసి ఇచ్చిన కోడుదీ అనుమానించదగిన పుట్టుకే. గిట్‌హబ్ కోపైలట్‌లో బహిరంగ కోడుతో సరిపోలే సూచనలను ఆపే అమరిక ఉంది. కంపెనీ ఖాతాలో దాన్ని అందరికీ ఒకేసారి పెట్టించండి.

ఫాంట్లను ఎవరూ లెక్కలో రాయరు. తెలుగు యాప్ అయితే తప్పక ఉంటాయి. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటి సిలికానాంధ్ర ఫాంట్లు ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. యాప్‌లో నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. కాపీరైటు నోటీసు, లైసెన్సు పాఠం వెంట ఉంచాలి. ఫాంటును విడిగా అమ్మకూడదు. యాప్ బరువు తగ్గించడానికి వాడని అక్షరాలు తీసేస్తే అది మార్పు కిందికే వస్తుంది. రిజర్వు చేసిన పేరు ఉన్న ఫాంటైతే మార్చినదానికి ఆ పేరు పెట్టకూడదు. ఆ ఫాంటుతో మీరు అచ్చువేసిన బిల్లులకు, శుభలేఖలకు ఈ షరతులేవీ అంటవు.

మూడో అడుగు: లైసెన్సులను కుప్పలుగా విడదీయండి

వందల భాగాలున్నా లైసెన్సులు పదీ పదిహేను రకాలకు మించవు. పెద్ద కుప్ప ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0లది. వీటికి సోర్స్ కోడు ఇవ్వనక్కర్లేదు. అలాగని షరతే లేదనుకోవడం పొరపాటు. కాపీరైటు నోటీసు, లైసెన్సు పాఠం ప్రతి కాపీతోనూ వెళ్లాలి. అపాచీ అయితే మార్చిన ఫైళ్లలో మార్చామని రాయాలి, నోటీస్ అనే ఫైలు ఉంటే అందులోనిది కూడా మోసుకెళ్లాలి. దానిలో పేటెంటు అనుమతి కూడా ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ తమ పేటెంటును అతిక్రమించిందని దావా వేసినవారికి ఆ అనుమతి రద్దవుతుంది.

రెండో కుప్పలో ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ ఉంటాయి. ఎంపీఎల్ షరతు ఫైలు వరకే. ఆ ఫైలును పంపితే, మార్చి ఉంటే ఆ మార్పులతో సహా, దాని సోర్స్ ఇవ్వాలి, మీ సొంత ఫైళ్ల జోలికి రాదు. ఎల్‌జీపీఎల్ లైబ్రరీని మీ ప్రోగ్రాములో డైనమిక్‌గా (విడి ఫైలుగా ఉంచి, నడిచేటప్పుడు కలిసేలా) లింకు చేయవచ్చు గానీ, వాడేవారు ఆ లైబ్రరీని మార్చుకుని మీ ప్రోగ్రాముతో నడుపుకునే వీలు మిగిలి ఉండాలి. ఇక్కడే ఒక దాగుడుమూత ఉంది. మీ లాయరు ఎక్కడినుంచో తెచ్చిన వినియోగ ఒప్పందంలో 'రివర్స్ ఇంజనీరింగ్ పూర్తిగా నిషేధం' అనే వాక్యం, అంటే ప్రోగ్రామును విప్పి లోపలి తీరు చూడకూడదని, తప్పక ఉంటుంది. అలా మార్చుకున్న లైబ్రరీలో లోపాలు వెతకడానికి రివర్స్ ఇంజనీరింగ్ చేయనివ్వాలని ఎల్‌జీపీఎల్ అంటుంది. ఆ వాక్యానికి 'ఓపెన్ సోర్స్ లైసెన్సులు అనుమతించిన మేరకు మినహా' అని చేర్పించండి. పది నిమిషాల పని.

మూడోది జీపీఎల్, ఏజీపీఎల్. జీపీఎల్ రెండో వెర్షను 1991 నాటిది, మూడోది 2007 జూన్ నాటిది. రెండూ ఒకటే అనుకోవద్దు. అపాచీ 2.0 కోడును మూడో వెర్షనుతో కలపవచ్చు గానీ, 'రెండో వెర్షను మాత్రమే' అని రాసి ఉన్న కోడుతో కలపకూడదన్నది ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాట. ఏజీపీఎల్‌లోని 13వ సెక్షను ప్రకారం ప్రోగ్రామును మార్చి సర్వరులో నడిపితే, నెట్‌వర్కు ద్వారా వాడే ప్రతివారికీ సోర్స్ అందుబాటులో పెట్టాలి. మన దగ్గర ఇది ఎక్కువగా దొరికేది పీడీఎఫ్ బిల్లుల దగ్గర. ఐటెక్స్ట్ లైబ్రరీ 5వ వెర్షను నుంచి ఏజీపీఎల్‌లోకి మారింది, ఘోస్ట్‌స్క్రిప్ట్ కూడా ఏజీపీఎలే. జీఎస్‌టీ ఇన్వాయిసు ముద్రించే చోట ఒకసారి చూడండి. కనిపిస్తే మూడు దారులున్నాయి: వాణిజ్య లైసెన్సు కొనండి, వేరే లైబ్రరీకి మారండి, లేదా మీ సోర్స్ ఇవ్వండి. 'ఎవరు చూస్తారులే' అనే నాలుగో దారి లేదు.

చివరి కుప్ప ఓపెన్ సోర్స్‌లా కనిపించి కానివాటిది. డేటాబేస్ సంస్థ మోంగోడీబీ 2018లో, సర్వర్ల నిర్వహణ సాఫ్ట్‌వేర్ సంస్థ హాషీకార్ప్ 2023లో తమ లైసెన్సులను ఓపెన్ సోర్స్ కానివాటికి మార్చుకున్నాయి. ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, రెడిస్ 2024లో అదే బాట పట్టి, తర్వాత ఏజీపీఎల్‌ను కూడా ఒక ఎంపికగా చేర్చాయి. కాబట్టి ఒక ప్యాకేజీ పేరు పక్కన వెర్షను సంఖ్య లేకపోతే ఆ వరుసకు విలువ లేదు. 'వాణిజ్యేతర వినియోగానికి మాత్రమే' అని ఉన్నవి పక్కన పెట్టండి. లైసెన్సే లేని గిట్‌హబ్ కోడు అన్నింటికన్నా ప్రమాదకరం. ఏమీ రాయకపోతే అన్ని హక్కులూ రాసినవారివే. ఆ రచయితకు మర్యాదగా ఒక సందేశం పంపి లైసెన్సు ఫైలు పెట్టమని అడగండి. చాలామంది సంతోషంగా పెడతారు.

నాలుగో అడుగు: ఒక పేజీ నియమం

ఏ కుప్ప ఎక్కడ అనుమతి, ఎక్కడ అడగాలి, ఎక్కడ కుదరదు అన్నది ఒకే పేజీలో రాసి సంతకం చేయించండి. ముప్ఫై పేజీల విధానం ఎవరూ చదవరు. అడగాల్సిన మనిషి పేరు, రెండు పనిదినాల్లో జవాబు అని గడువు రాయండి. గడువు లేకపోతే ఇంజనీర్లు అడగడం మానేసి వాడేస్తారు. కంపెనీ పెరిగాక పద్ధతిని ప్రమాణానికి తేవాలనుకుంటే ఓపెన్‌చైన్ ఉంది. అది 2020లో ఐఎస్‌ఓ 5230 అయింది.

ఐదో అడుగు: కాగితాలు జతచేయడం

అసలు పని ఇదే. మొదట నోటీసుల ఫైలు. ప్రతి భాగం పేరు, వెర్షను, కాపీరైటు వాక్యం, లైసెన్సు పూర్తి పాఠం. లింకు ఇస్తే సరిపోతుందా అంటే, ఎంఐటీ పాఠమే ప్రతి కాపీలోనూ ఉంచమంటోంది కాబట్టి పాఠమే పెట్టండి. యాప్‌లో అయితే సెట్టింగ్స్ కింద 'ఓపెన్ సోర్స్ లైసెన్సులు' అనే తెర, కంటైనర్‌లో అయితే తెలిసిన చోట ఒక ఫోల్డరు, పరికరంలో అయితే మెనూలో గానీ కరపత్రంలో గానీ. దీన్ని చేత్తో తయారుచేయకండి. ఎస్‌బామ్ నుంచి బిల్డ్ సమయంలో దానంతటదే తయారవ్వాలి.

తర్వాత సోర్స్. చర్లపల్లిలోనో రావిర్యాలలోనో సీసీ కెమెరా రికార్డర్లు, వాహనాల జీపీఎస్ పరికరాలు తయారుచేసే కంపెనీలు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. మీ పరికరంలో లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండె), యూ-బూట్ (పరికరాన్ని లేపే ప్రోగ్రాము), బిజీబాక్స్ ఉంటాయి, మూడూ జీపీఎల్ కిందివే. చిప్ అమ్మినవారు ఇచ్చిన కిట్‌లో వాటి సోర్స్ సగమే ఉండవచ్చు. లోపం వారిదే అయినా కోర్టులో నిలబడేది పెట్టె మీద పేరున్నవారే. లింక్‌సిస్ రౌటర్ల విషయంలో జరిగిందదే. ఆ కంపెనీని కొన్న సిస్కో మీద ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 డిసెంబరులో దావా వేసింది, మరుసటి ఏడాది మేలో రాజీ కుదిరింది. రాజీలో భాగంగా లైసెన్సుల పాలన చూడటానికి సిస్కో ప్రత్యేకంగా ఒక అధికారిని నియమించాల్సి వచ్చింది. అంతకుముందు 2003లో ఆ రౌటరు సోర్స్ బయటకు రావడం వల్లే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు పుట్టింది. కాబట్టి కిట్ కొనేటప్పుడే 'పూర్తి సోర్స్ ఇస్తేనే చివరి వాయిదా' అని కొనుగోలు ఆర్డరులో రాయించండి. సరుకు వచ్చాక అడిగితే వచ్చేది మౌనమే.

పూర్తి సోర్స్ అంటే ఏది? ఆ బైనరీ (నడవడానికి సిద్ధమైన ప్రోగ్రాము) తయారు చేయడానికి సరిగ్గా వాడిన వెర్షను, మీ మార్పులు, కెర్నెల్ అమరిక ఫైలు, బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులు. అసలు ప్రాజెక్టు వెబ్‌సైటు లింకు ఇచ్చి చేతులు దులుపుకోవడం చెల్లదు. మీ ప్యాకేజీ సరిపోతుందో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటే. ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని ఇంజనీరుకు ఖాళీ మెషీను ఒకటి, మీ సోర్స్ ప్యాకేజీ ఒకటి ఇచ్చి బిల్డ్ చేయమనండి. వారు వచ్చి మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్నా ప్యాకేజీలో లేని ఒక ఫైలు. ఇన్ని సలహాల్లో ఒక్కటే పాటించగలిగితే దీన్ని పాటించండి.

సోర్స్‌ను పరికరంతోపాటే ఇవ్వవచ్చు, లేదా అడిగితే ఇస్తామని రాతపూర్వక హామీ ఇవ్వవచ్చు. హామీ అయితే కనీసం 3 ఏళ్లు చెల్లాలి. రెండో వెర్షను కింద కొన్నవారే కాదు, ఎవరు అడిగినా ఇవ్వాలి. మూడో వెర్షనులో ఆ మోడలుకు విడిభాగాలు గానీ సేవలు గానీ అందిస్తున్నంత కాలం కూడా చెల్లాలి. మన నగరంలో మూడేళ్లు ఒకే కంపెనీలో ఉండే ఇంజనీరు అరుదు. అందుకని హామీలో మనిషి మెయిలు పెట్టకండి, విభాగం పేరుతో ఒక మెయిలు తెరిచి, దాన్ని చదివే బాధ్యతను పదవికి కట్టండి. నా ఓటు మాత్రం మొదటి పద్ధతికే. డౌన్‌లోడు చేసుకునే సాఫ్ట్‌వేర్ అయితే బైనరీ పక్కనే సోర్స్ కూడా పెట్టండి. హామీ అంటే మూడేళ్ల అప్పు.

జీపీఎల్ మూడో వెర్షను సాఫ్ట్‌వేర్ ఇంటి వాడకం పరికరాల్లో ఉంటే మార్చిన కోడును ఆ పరికరంలో ఎక్కించుకోవడానికి కావలసిన సమాచారం, అవసరమైతే సంతకపు కీ కూడా ఇవ్వాలి. సెక్యూర్ బూట్ (కంపెనీ డిజిటల్ సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను నడవనివ్వని ఏర్పాటు) పెట్టే ముందే ఇది ఆలోచించండి. లినక్స్ కెర్నెల్ రెండో వెర్షనులోనే ఉంది కాబట్టి దానికి ఈ షరతు లేదు.

ఆరో అడుగు: ఒప్పందాలు

క్లయింటు ఒప్పందంలో 'ఎలాంటి ఓపెన్ సోర్స్ వాడలేదని హామీ ఇస్తున్నాం' అనే వాక్యం ఉంటే సంతకం పెట్టకండి. అది నిజమయ్యే అవకాశం లేదు. 'జతచేసిన జాబితాలో ఉన్నవి తప్ప' అని మార్పించండి, ఎస్‌బామ్‌ను అనుబంధంగా ఇవ్వండి.

మీ సొంత కోడు మీదేనా అన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసింది 17వ సెక్షను ప్రకారం యజమానిదే. ఫ్రీలాన్సరు రాసింది అలా కాదు. రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే 19వ సెక్షను దాన్ని 5 ఏళ్లకు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి పరిమితం చేస్తుంది. హక్కును ఏడాదిలోపు వాడుకోకపోతే, పత్రంలో వేరేలా రాసుకుంటే తప్ప, బదిలీయే చెల్లకుండా పోతుంది. అమెరికాలో అమ్మే ప్రాడక్టుకు ఇంతకన్నా నిశ్శబ్దమైన గుంట ఉండదు. కంపెనీని ఎవరైనా కొనడానికి వచ్చినప్పుడు కొనేవారి లాయర్లు ముందు అడిగేవాటిలో ఈ పత్రాలూ, పై జాబితా ఉంటాయి. ధర తగ్గించడానికి వారికి ఆ ఖాళీలు చాలు.

ఏడో అడుగు: ప్రతి రిలీజుకూ

బిల్డ్ గొలుసులో లైసెన్సు తనిఖీ పెట్టండి. అనుమతి లేని కుప్పలోనిది వస్తే బిల్డ్ ఆగాలి. మొదటి నెల ఆపకుండా హెచ్చరిక మాత్రం ఇవ్వనివ్వండి, లేకపోతే రిలీజు రోజున జట్టంతా మీ మీద పడి తనిఖీనే తీయిస్తారు. ప్రతి రిలీజుతో ఎస్‌బామ్, నోటీసుల ఫైలు, సోర్స్ ప్యాకేజీ మూడూ ఒకే చోట భద్రపరచండి. అంతే.

ఎవరైనా ఫిర్యాదు చేస్తే

'మీ పరికరంలో జీపీఎల్ కోడు ఉంది, సోర్స్ ఇవ్వండి' అని మెయిలు వస్తే అది సపోర్టు టికెట్ల గుట్టలో పడి మూసుకుపోకుండా చూడటం మొదటి పని. సపోర్టు జట్టుకు జీపీఎల్, సోర్స్ కోడు, లైసెన్సు అనే మాటలు కనిపిస్తే మీకు పంపమని ముందే చెప్పి ఉంచండి. ఆ మెయిలు రాసినవారు సాధారణంగా డబ్బు కోసం రారు, వారికి కావలసింది కోడు. మౌనం పాటిస్తేనే విషయం కోర్టుకు చేరుతుంది. విజియో టీవీల కంపెనీ మీద సాఫ్ట్‌వేర్ ఫ్రీడం కన్సర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ 2021లో కాలిఫోర్నియాలో దావా వేసింది, అదీ కాపీరైటు యజమాని హోదాలో కాదు, టీవీలు కొన్నవారి హోదాలో. అంటే మీ కస్టమర్లలో ఎవరైనా ఆ మెయిలు రాయవచ్చు.

అదే రోజు, అందిందని, పరిశీలిస్తున్నామని ఒక మర్యాదైన జవాబు పంపండి. ఏ తప్పూ ఒప్పుకోవద్దు, కొట్టిపారేయవద్దు, ఫైళ్లేవీ చెరపవద్దు. తేదీ రాసి పెట్టుకోండి. రెండో వెర్షను కింద షరతు తప్పిన వెంటనే అనుమతి దానంతటదే రద్దవుతుంది. మూడో వెర్షను మాత్రం ఒక అవకాశం ఇస్తుంది. ఆ హక్కుదారు నుంచి అది మీకు వచ్చిన మొదటి నోటీసు అయి, అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు శాశ్వతంగా తిరిగి వస్తాయి. లినక్స్ కెర్నెల్ రచయితల్లో చాలామంది 2017లో తమ కోడుకు కూడా ఇదే వెసులుబాటు ప్రకటించారు. కాబట్టి 30 రోజులనే మీ గడువుగా పెట్టుకోండి. ఈలోపు లాయరుతో మాట్లాడండి, అవసరమైతే ఆ వెర్షను అమ్మకం ఆపండి, సోర్స్ ప్యాకేజీని ఖాళీ మెషీను పరీక్షలో నెగ్గించండి, ఇంతకుముందు కొన్నవారికి కూడా అది దొరికేలా వెబ్‌సైటులో పెట్టండి. ఆ తర్వాత ఫిర్యాదు చేసినవారికి లింకు పంపి, వారి దగ్గర బిల్డ్ అయిందా అని అడగండి. అయిందని జవాబు వచ్చాకే టికెట్ మూయండి.